పాత మారుతి 800కి కూడా మీ పేజీలో కాస్త చోటివ్వండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ పత్రికలో వాహనాల పేజీ వచ్చిన ప్రతిసారీ ఒక్క ముక్క వదలకుండా చదువుతాను. సన్‌రూఫ్ ఉంది, ఎయిర్‌బ్యాగులు ఆరున్నాయి, ఎక్స్‌షోరూమ్ ధర ఇన్ని లక్షలు. సరే, బాగుంది. కానీ మా వీధి చివర నిలబడి చూస్తే కనిపించే కార్లలో చాలావరకు ఆ పేజీలో ఎప్పుడూ కనబడవు. మారుతి 800, పాత ఆల్టో, జెన్, శాంత్రో, ఇండికా. వాటిని తోలేవాళ్లూ మీ పాఠకులే కదండీ, నెలనెలా పేపరు బిల్లు కట్టేవాళ్లే కదా. మాకు పనికొచ్చేది ఒక్కటీ ఎందుకు రాయరని అడగడానికే ఈ ఉత్తరం. ఊరికే అడిగితే బాగుండదని, నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నవి కొన్ని రాస్తున్నాను. పొడుగైతే మీరే కత్తిరించుకోండి.

నాది 1999 మోడల్ మారుతి 800, కార్బొరేటర్ (పెట్రోలుని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) ఉన్న బండి. ఆ తర్వాత 800కి ఎంపీఎఫ్ఐ ఇంజన్ (కార్బొరేటర్ లేకుండా కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే రకం) వచ్చింది, అంటే మాది పాత రకం అన్నమాట. మా బావగారు కొన్నారు, ఆయన పెద్ద కారు తీసుకున్నాక నా చేతికొచ్చింది. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ మొదటి బండి తాళాలు ఇచ్చిన దగ్గర్నుంచి 2014 జనవరిలో తయారీ ఆపేదాకా ముప్పై ఏళ్లు రోడ్డెక్కిన బండి కాబట్టి, మామూలు స్పేర్లకి ఇప్పటికీ ఇబ్బంది లేదు. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట తిరిగితే నూటికి తొంభై దొరికేస్తాయి. స్పేర్లు దొరకడం వల్లే మాకు ఖర్చు ఎక్కువవుతోందని నా అనుమానం. ఏ షెడ్డుకి వెళ్లినా "మార్చేద్దాం సార్" అంటారు గానీ, అసలు రోగం ఏమిటో చూసేవాడు ఉండడు.

మూడేళ్ల కింద నా బండి మైలేజీ లీటరుకి 10కి పడిపోయింది. పికప్ లేదు, ఫ్లైఓవర్ ఎక్కాలంటే రెండో గేరు. మొదటి షెడ్డువాడు కార్బొరేటర్ అరిగిపోయిందన్నాడు, సెకండ్ హ్యాండ్‌ది వేశాడు. నెల తిరక్కుండా మళ్లీ అదే. రెండో అతను పెట్రోల్ పంపు అన్నాడు, మార్చాడు. మూడో అతనైతే ఏకంగా బోరు పని (అరిగిన సిలిండర్లను కోసి సరిచేయడం) చేయాలి, పాతికవేలు రెడీ చేసుకోండి అన్నాడు. అప్పటికే తొమ్మిది వేలు అయిపోయాయి, ఇంట్లో మాటలు వేరే. ఇక తుక్కుకి ఇచ్చేద్దామనుకుంటున్న టైములో తెలిసినవాళ్లు ఒక పెద్దాయన దగ్గరికి పంపారు, చెట్టు కింద రేకుల షెడ్డు, బోర్డు కూడా లేదు.

ఆయన బానెట్ ఎత్తలేదు. చదునుగా ఉన్న చోట న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ దించి, తోయమన్నాడు. 650 కిలోల బండి, టైర్లలో గాలి సరిగా ఉంటే ఒక్క మనిషి తోస్తే కదలాలి. నేనూ వాళ్ల కుర్రాడూ కలిసి తోస్తే తప్ప కదల్లేదు. జాకీ ఎత్తి వెనక చక్రాలు చేత్తో తిప్పితే ఎడమది తిరగడమే లేదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ లోపల తుప్పుపట్టి బిగుసుకుపోయి, లివరు దించినా బ్రేకు పట్టుకునే ఉంటోంది. అంటే నేను అన్నాళ్లూ బ్రేకు వేసుకుని బండి తోలుతున్నాను, ఆ పెట్రోలంతా బ్రేకు డ్రమ్ము వేడెక్కడానికి పోయింది!

ఆ తర్వాత ఇరవై నిమిషాలు తోలుకు రమ్మని టెంపరేచర్ ముల్లు చూశాడు. అడుగునే ఉంది. "తర్మోస్టాట్ తీసేశారు బాబూ" అన్నాడు. విప్పితే నిజంగానే లేదు, ఖాళీ గూడు. మన దగ్గర ఇదో పాత అలవాటు, ఎండలు ఎక్కువ కదా అని ఇంజన్ వేడెక్కకుండా తర్మోస్టాట్ తీసి పారేస్తారు, తీసినవాడు మేలు చేశాననే అనుకుంటాడు. ఇంజన్ ఓ స్థాయికి వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు వెళ్లకుండా ఆపడమే దాని పని. అది లేకపోతే ఇంజన్ సరైన వేడికి రాకుండానే నడుస్తుంది, పెట్రోలు పూర్తిగా ఆవిరవదు, కొంత సిలిండర్ గోడలకి అంటుకుని ఇంజన్ ఆయిల్లో కలుస్తుంది. మైలేజీ పోతుంది, ఆయిలు పలచబడుతుంది, బోరు అరుగుతుంది. ఆ మూడో అతను చెప్పిన బోరు పని ఈ లెక్కన కొన్నాళ్లకి నిజంగానే వచ్చేదేమో.

కేబులు, తర్మోస్టాట్, గాస్కెట్, కొత్త కూలెంట్, కూలీతో కలిపి పదిహేను వందలు దాటలేదు. మైలేజీ 16కి వచ్చింది.

ట్యూనింగ్ అనగానే మన మేస్త్రీల్లో చాలామంది స్క్రూడ్రైవర్ తీసి నేరుగా కార్బొరేటర్ స్క్రూ మీదికి వెళ్లిపోతారు. ఆ పెద్దాయన దగ్గర అది ఆఖరి పని. ముందు ఎయిర్ ఫిల్టరు. అది మూసుకుపోయి ఉండగా స్క్రూ సెట్ చేస్తే, రేపు ఫిల్టరు మార్చగానే సెట్టింగ్ మొత్తం తప్పు. తర్వాత ప్లగ్గులు. విప్పి రంగు చూడాలి: బిస్కెట్ రంగులో ఉంటే సరిగ్గా కాలుతోంది, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, తెల్లగా పాలిపోతే తక్కువవుతోంది. మూడింటిలో ఒక్కటే నల్లగా ఉంటే తప్పు కార్బొరేటర్‌ది కాదు, ఎందుకంటే మూడు సిలిండర్లకీ కార్బొరేటర్ ఒక్కటే కదా, ఆ ఒక్క సిలిండర్ సంగతే చూసుకోవాలి, ప్లగ్గో వైరో టాపెట్టో (వాల్వుల దగ్గర ఉండాల్సిన సందు). ఇంత చిన్న సంగతి నాకు ఇరవై ఏళ్లు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత వైర్లు, ప్లగ్గులకి వంతులవారీగా కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ (రాత్రిపూట చీకట్లో బానెట్ ఎత్తి ఇంజన్ ఆన్ చేస్తే కరెంటు లీకయ్యే చోట నీలం మెరుపులు కనిపిస్తాయి, చెయ్యి మాత్రం పెట్టకండి), ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టాపెట్లు, ఆపైన టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ ఏ క్షణంలో పడాలన్నది. ఇవన్నీ అయ్యాక కార్బొరేటర్. అప్పటికి చాలాసార్లు దాన్ని ముట్టుకునే అవసరమే ఉండదు.

కార్బొరేటర్ సెట్టింగ్ సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి మిషన్లు కొననక్కర్లేదు. పొల్యూషన్ సర్టిఫికెట్ మనందరి దగ్గరా ఉంటుంది, డ్యాష్‌బోర్డులో పడేస్తాం. దానిలో కార్బన్ మోనాక్సైడ్ అంకె ఒకటి ఉంటుంది చూడండి. నా బండి కాలం వాటికి 3 శాతం దాకా పాస్. పాసయ్యిందా లేదా అన్నది వదిలేసి ఆ అంకె చదవండి, పోయినసారి ఒకటి ఉండి ఈసారి రెండున్నర ఉంటే పెట్రోలు ఎక్కువ కాలుతోందని ఆ కాగితమే చెప్తోంది. బండిని నిజంగా పెట్టి పరీక్ష చేస్తేనే సుమా, ఫోటో తీసి సర్టిఫికెట్ చేతిలో పెట్టే చోట కాదు.

ఇక ఈ20 పెట్రోలు, అంటే 20 శాతం ఇథనాల్ (ఒక రకం ఆల్కహాల్) కలిపినది. 2030 నాటికి అనుకున్న 20 శాతం ఇథనాల్‌ని 2025కే తెచ్చేశారు, బంకుల్లో ఇప్పుడు ఎక్కువగా దొరికేది అదే. ఇథనాల్‌కి పెట్రోలులో ఉన్నంత శక్తి ఉండదు, దాదాపు మూడోవంతు తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదికలోనే పాత కార్ల మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గొచ్చని రాశారు. తగ్గితే తగ్గింది, నన్ను భయపెట్టేది మైలేజీ కాదు, రబ్బరు. పాతికేళ్ల కింది పెట్రోల్ పైపులు, పంపులో డయాఫ్రమ్ (పల్చటి రబ్బరు పొర), కార్బొరేటర్ గాస్కెట్లు ఇథనాల్ కోసం చేసినవి కావు. కొన్ని పాత బండ్లలో రబ్బరు భాగాలు ముందుగా మార్చాల్సి రావచ్చని ప్రభుత్వమే ఒప్పుకుంది, పెద్ద ఖర్చు కాదని కూడా చెప్పింది. ఖర్చు సంగతి సరే, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే? అందుకని ఇథనాల్‌కి తట్టుకునే పైపు అడిగి తీసుకుని మొత్తం మార్పించాను, క్లిప్పులతో సహా. ఇంకోటి, ఇథనాల్ గాలిలో తేమని లాక్కుంటుంది. ఆ పెట్రోలుతో బండిని నెలల తరబడి కదపకుండా పెట్టకండి, మనది రేకు ట్యాంకు, లోపల తుప్పు పట్టొచ్చు. ఎంపీఎఫ్ఐలో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండి అయితే మిశ్రమాన్ని కొంతవరకు తనే సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, కాబట్టి స్క్రూ కొద్దిగా సర్దాలి, పైన చెప్పిన వరసలో.

ప్రభుత్వానికి కూడా ఓ మాట. నా బండి 2024లో రెన్యువల్ చేయించినప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు 5,000. అంతకుముందు 2019లో కట్టింది 600. ఇప్పుడు 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు, గ్రీన్ ట్యాక్స్ అదనం. వారానికి రెండుసార్లు రైతుబజారుకీ ఆసుపత్రికీ తీసేవాడికి, రోజూ వంద కిలోమీటర్లు తోలేవాడికి ఒకటే ఫీజా? పొగ అంకె బాగున్నవాడికి తగ్గించొచ్చు కదా, అంకె ఎలాగూ కంప్యూటర్లోనే ఉంది.

పొదుపు అన్నానని అన్నింట్లోనూ పొదుపు చేయకండి. బ్రేకులు, టైర్లు, పెట్రోల్ పైపు, టైమింగ్ బెల్టు, ఈ నాలుగూ కొత్తవే, మంచి కంపెనీవే. ఆయిలు మాత్రం ఖరీదైనది కొని ఆలస్యంగా మార్చడం కంటే మామూలుది టైముకి మార్చడం మేలని నా అనుభవం. మా వీధి కుర్రాడు ఒకడు వచ్చి, అంకుల్, పెద్ద సైలెన్సర్ వేస్తే పికప్ పెరుగుతుందట కదా అన్నాడు. నలభై గుర్రాల బలం కూడా లేని ఇంజన్‌రా నాయనా, శబ్దం తప్ప ఏమీ పెరగదు అన్నాను. నమ్మలేదు, వేయించుకున్నాడు, ఇప్పుడు వీధంతా నిద్ర లేస్తోంది.

మీ పేజీలో నెలకొకసారైనా ఇలాంటి విషయాలకు చోటివ్వండి. రాసేవాళ్లు దొరకరనుకోకండి, రేకుల షెడ్లలో ఉన్నారు, వాళ్లకి రాయడం రాకపోతే మీ విలేకరి వెళ్లి అడిగి రాసుకోవచ్చు. ఆయనలాంటి వాళ్ల పిల్లలు ఎవరూ ఈ పనిలోకి రావడం లేదు, కార్బొరేటర్ విప్పి తిరిగి బిగించగలిగిన చేతులు మా ఊళ్లో నాకు తెలిసి రెండు జతలే ఉన్నాయి.

చివరగా ఒక సాయం. నా బండి డిస్ట్రిబ్యూటర్‌కి ఉండే వాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా (ఇంజన్ పీల్పుని బట్టి నిప్పురవ్వ పడే సమయాన్ని ముందుకు జరిపేది) లోపల డయాఫ్రమ్ చిరిగింది. పైపుని నోటితో పీల్చితే గాలి వచ్చేస్తోంది, పట్టి ఉంచడం లేదు. అందరూ డిస్ట్రిబ్యూటర్ మొత్తం మార్చమంటున్నారు. ఆ డబ్బా ఒక్కటే విడిగా ఎక్కడ దొరుకుతుందో మీ పాఠకుల్లో ఎవరికైనా తెలిస్తే ఇదే శీర్షికకి రాయమని నా మాటగా చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఏలూరు