బదనికను పీకితే పోదు, కొమ్మ కోయాలి

సంపాదకులకు,

తోతాపురి మామిడి కోతలు అయిపోయాయి. గుజ్జు ఫ్యాక్టరీలు ఇచ్చే ధర గురించి ఊరూరా మాట్లాడుతున్నాం, మాట్లాడాలి కూడా. మామిడి కొమ్మల్లోకి దిగి వాటి మీద బతికే పరాన్న మొక్క బదనిక సంగతి మాత్రం ఎవరికీ పట్టడం లేదు. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు పాత తోటల్లో తలెత్తి చూడండి. మామిడి ఆకుల మధ్య మందపాటి, మొద్దు కొనల ఆకులతో గుబురు, దాని మొదట్లో కొమ్మ మీద ఉబ్బిన ముడి కనిపిస్తాయి.

బదనిక ఆకు పచ్చనిదే, తిండి తనే వండుకుంటుంది. కాజేసేది నీళ్లనూ, వాటిలోని పోషకాలనూ. ఎండల్లో మామిడి నీటిని పొదుపు చేసుకుంటుంటే ఇది ఆవిరి వదులుతూనే ఉంటుంది. అందుకే ముడికి అవతలి కొమ్మ సన్నబడి, కాయ చిన్నదై, చివరికి ఎండిపోతుంది. (మన జిల్లాలో నాటుతున్న శ్రీగంధమూ పక్క మొక్క వేళ్ల మీద బతికేదే. కానీ తెలిసే దాని పక్కన కందో, సరుగుడో పెంచుతాం.)

చాలామంది దోటికి కొడవలి కట్టి గుబురును లాగేస్తారు. ఆకు రాలుతుంది, అంతే. కొమ్మ లోపల దిగిన మొదలూ, బెరడు మీద పాకిన వేళ్లూ మిగిలి మళ్లీ చిగురిస్తాయి. ముడికి మాను వైపు కనీసం అడుగు వదిలి కొమ్మనే కోయాలి. తీసేయలేని పెద్ద కొమ్మయితే ముడిని ఉలితో చెక్కి, చిగురు వచ్చినప్పుడల్లా తీస్తూ ఉండాలి. కలుపు మందు కొట్టొద్దు, మామిడి ఆకూ మాడుతుంది.

కోసిన చోట తెగులు పట్టకుండా బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) 5 లీటర్ల నీటిలో, కిలో పొడి సున్నం మరో 5 లీటర్లలో విడివిడిగా కలిపి, తర్వాత రెండూ ఒకటి చేయాలి. ప్లాస్టిక్ బకెట్టే వాడాలి. శుభ్రమైన చాకు ముంచితే ఎర్రటి పూత పడిందంటే సున్నం చాలలేదు, ఇంకాస్త వేయాలి. ఏ రోజుది ఆ రోజే వాడాలి.

బదనిక పండు పండకముందే కోయడం ముఖ్యం. పిచ్చుక కన్నా చిన్న పిట్ట ఆ పండు తిని, జిగురు విత్తనాన్ని కొమ్మకేసి రుద్దుతుంది. విత్తనం అక్కడే అతుక్కుని మొలుస్తుంది. పిట్టకు గట్లు తెలియవు. ఒక తోట బాగుచేసి, పక్క తోటనూ, రోడ్డు పక్క చెట్లనూ వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే పంచాయతీలు రోడ్డు పక్క చెట్లకున్న బదనికను కూడా ఈ ఆగస్టులోపే కోయించాలని, ఉద్యాన శాఖ వారు ఊరికో తోటలో కోత చేసి చూపించాలని కోరుతున్నాం.

— మామిడి రైతులు, చిత్తూరు జిల్లా