తెలియకపోవడాన్ని ఎవరి వైపు మొగ్గించాలి?

చిరంజీవి సుధకు నాన్న ఆశీర్వదించి వ్రాయునది,

ఇక్కడ అందరం కులాసా. పెన్షన్ అర్హత రూల్స్‌ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే పనిలో ఒక్కో వాక్యం దగ్గరే గంటలు పడుతోందని ఫోన్‌లో అన్నావు. పట్టనీ తల్లీ, ఆ పనికి అంత టైం పడుతుంది.

"దరఖాస్తుదారులందరూ సర్టిఫికెట్లు ఇవ్వలేదు" అంటే ఒక్కరూ ఇవ్వలేదనా, కొందరే ఇచ్చారనా? మనం సందర్భాన్నిబట్టి పోల్చుకుంటాం. తర్కంలో రాయాలంటే ‘లేదు’ అన్నది ‘అందరూ’కి బయట ఉండాలో లోపల ఉండాలో ముందే తేల్చుకోవాలి. 1879లో ఫ్రెగె అనే జర్మన్ తర్కవేత్త ఆ తేడా రాతలోనే కనబడేలా గుర్తులు కట్టాడు. అయితే రెండింట్లో ఏది ఉద్దేశమో గుర్తులు చెప్పవు, రూల్ రాసినవాళ్లనే అడగాలి.

నీకు ఇంకా దగ్గరి విషయం ఒకటుంది. 1981 నాటి బ్రిటిష్ పౌరసత్వ చట్టంలో చాలా భాగాన్ని లండన్ ఇంపీరియల్ కాలేజీలో సెర్గాట్, కొవాల్‌స్కీ బృందం ప్రోలాగ్ అనే, తర్క నియమాలతో నడిచే కంప్యూటర్ భాషలో రాసి, 1986లో పేపర్ వేసింది. మొదటి నియమం తేలికే: చట్టం అమల్లోకి వచ్చాక బ్రిటన్‌లో పుట్టిన బిడ్డకు, పుట్టేనాటికి తల్లో తండ్రో అక్కడి పౌరులైనా, అక్కడ స్థిరపడినవారైనా పౌరసత్వం వస్తుంది. చిక్కు ఆ తర్వాతి నియమంలో. ఎవరో వదిలేసిన పసికందు బ్రిటన్‌లో దొరికితే, కాదని రుజువైతే తప్ప, అక్కడే అర్హులైనవారికి పుట్టినట్టు లెక్క.

ప్రోలాగ్ రుజువు దొరకనిదాన్ని అబద్ధం కిందే జమకడుతుంది. ఆ బిడ్డ తల్లిదండ్రులెవరో తెలియదు కాబట్టి, మొదటి నియమం ఒక్కటే ఎక్కిస్తే పౌరసత్వం లేదనే జవాబొస్తుంది. చట్టం మాత్రం తెలియకపోవడాన్ని బిడ్డ వైపు మొగ్గించింది. ఎంత మంచి వాక్యమో చూడు! కోడ్‌లో దాన్ని ఎవరో ఒకరు పనిగట్టుకుని రాస్తేనే ఉంటుంది.

మీ లిస్టులోనూ వయసు రికార్డు దొరకని ముసలివాళ్లు ఉంటారు. "వయసు చాలదు", "వయసు తెలియలేదు" రెండూ ఒకే గడిలో పడనివ్వకు. ‘తేలలేదు’ అని మూడో గడి పెట్టించి, అందులోని ఫైళ్లు మనిషే చూడాలని రూల్‌లో రాయించు. డెడ్‌లైన్ టెన్షన్‌లో మీవాళ్లు వద్దంటే ఆ పసికందు నియమం చూపించు. సంబంధిత ఆఫీసర్‌ని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకో.

వేళకి తిను. అమ్మ నీ ఫోన్ కోసం చూస్తోంది.

ఇట్లు,
నాన్న