పిచర్ల రికార్డులో సాక్రిఫైస్ బంట్లకు చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో బ్యాటర్‌కు బంతి విసిరే పిచర్ల గురించి మీ క్రీడా పుటలో వచ్చే పరిచయాల్లో విజయాలు, స్ట్రయికౌట్లతో పాటు బ్యాటింగ్ సగటు కూడా ఇస్తున్నారు గానీ, సాక్రిఫైస్ బంట్ల లెక్క మాత్రం కనిపించడం లేదు. పిచర్లు కూడా బ్యాటింగ్ చేసిన కాలానికి సంబంధించినంత వరకు ఇది పెద్ద లోపమే.

తాను అవుటైనా సరే, బేస్ మీదున్న సహచరుణ్ణి తర్వాతి బేస్‌కు చేర్చాలని బ్యాటర్ బంట్ ఆడి (బ్యాట్ ఊపకుండా బంతిని మెల్లగా నేలమీదికి తట్టి) సఫలమైతే, అదే సాక్రిఫైస్ బంట్. నిబంధనల ప్రకారం అది ఎట్‌బ్యాట్ లెక్కలోకి, అంటే సగటు కోసం లెక్కించే బ్యాటింగ్ అవకాశాల్లోకి, రాదు. బేస్‌బాల్‌లో సగటు అంటే ఎట్‌బ్యాట్‌లలో ఎన్నింట హిట్ కొట్టి క్షేమంగా బేస్ చేరారన్న నిష్పత్తి. అందువల్ల సగటు పెరగదు, తగ్గదు. 1987 నుంచి 2008 వరకు ఆడి 305 విజయాలు సాధించిన టామ్ గ్లావిన్‌నే తీసుకోండి. ఆయన బ్యాటింగ్ సగటు 0.186 మాత్రమే. ఆయన ఆడిన సాక్రిఫైస్ బంట్లు 200కు పైనే ఉన్నాయి. సగటు ఒక్కటే అచ్చువేస్తే జట్టు కోసం ఆయన చేసిన అంత పనీ పాఠకుడి కంట పడదు.

అదేమీ తేలికైన పని కాదు. పై చేతిని బ్యాట్ మీద పైకి జరిపి, వేగంగా దూసుకొచ్చే బంతి వేళ్లకు తగలకుండా చూసుకుంటూ, దాని ఊపును చంపి నేలమీదికి దించాలి. చాలామంది పిచర్లకు ఆ పై చేయే బంతి విసిరే చేయి. రన్నర్ మొదటి బేస్ మీద ఉంటే, అతణ్ణి కాచుకుని బేస్‌కు దగ్గరగా నిలబడే ఫీల్డర్ వైపు ఆడడం మేలు; రెండో బేస్ మీద ఉంటే, మూడో బేస్ ఫీల్డర్ తన చోటు వదిలి ముందుకు రాక తప్పనట్టు ఆడాలి. మూడో స్ట్రయిక్‌కు బ్యాటర్ అవుట్; రెండు స్ట్రయిక్‌ల తర్వాత బంట్ ఫౌల్ అయితే, అంటే బంతి హద్దు గీతల బయటికి పోతే, బ్యాటర్ అవుటే.

మంచి బ్యాటర్ చేత బంట్ ఆడించి ఒక అవుట్‌ను వదులుకోవడం చాలా సందర్భాల్లో నష్టమేనని గణాంక విశ్లేషకులు అంటారు. ఆ మాటతో నాకు పేచీ లేదు. కానీ హిట్ కొట్టే అవకాశం బాగా తక్కువైన పిచర్ విషయంలో ఆ లెక్క మారిపోతుంది.

అయితే ఈ అంకెనూ జాగ్రత్తగానే చదవాలి. బంట్ ఆడినా ముందున్న రన్నరే అవుటైతే అది సాక్రిఫైస్‌గా నమోదు కాదు, మామూలు ఎట్‌బ్యాట్‌గా పడుతుంది. అంటే ఈ లెక్కలో ఫలించినవే తప్ప విఫలమైన ప్రయత్నాలు ఉండవు. తనకు ముందు ఆడినవారు బేస్ చేరకపోతే పిచర్‌కు ఆ అవకాశమే రాదు. 1973లో డిజిగ్నేటెడ్ హిట్టర్ నిబంధన (పిచర్ బదులు బ్యాటింగ్‌కు మరొకరిని దింపే వీలు) వచ్చాక, మేజర్ లీగ్‌లోని రెండు విభాగాల్లో ఒకటైన అమెరికన్ లీగ్ పిచర్లకు బ్యాట్ పట్టే పనే దాదాపు లేకుండా పోయింది కనుక, వారి పట్టికలోని సున్నాను అసమర్థతగా చూడకూడదు. 2022 నుంచి రెండో విభాగమైన నేషనల్ లీగ్‌లోనూ అదే నిబంధన స్థిరపడింది.

కాబట్టి పాత పిచర్ల పరిచయాల్లో సగటు పక్కనే సాక్రిఫైస్ బంట్లను, మొత్తం ఎన్నిసార్లు బ్యాటింగ్‌కు వచ్చారన్న సంఖ్యను కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. పిచర్ తాను ఆడిన బంట్లు వేరు, అతని బౌలింగ్‌లో ప్రత్యర్థులు ఆడినవి వేరు. రెండూ ఒకే పేరుతో నమోదవుతాయి గనుక, పట్టిక తయారుచేసేటప్పుడు అవి కలిసిపోకుండా చూడగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు