ఏడు హోల్స్‌లోనే పోతున్న పది స్ట్రోకులు

సంపాదకుల వారికి,

మీ క్రీడా పేజీలో గోల్ఫ్ గురించి ఏది వచ్చినా చివర ఒక సలహా ఖాయంగా ఉంటుంది: పట్టింగ్ (గ్రీన్ అనే నున్నటి పచ్చిక మీద బంతిని హోల్‌లోకి దొర్లించడం) బాగుపడితే స్కోరు (మొత్తం స్ట్రోకులు, అంటే కొట్టిన దెబ్బలు; తక్కువైతే మేలు) దానంతటదే దిగుతుందని. క్లబ్బుల్లో పెద్దవాళ్లు కూడా "డ్రైవ్ షోకు, పట్ డబ్బుకు" అనే అంటారు (డ్రైవ్ అంటే హోల్ మొదట్లో టీ నుంచి కొట్టే దూరపు షాట్). వినడానికి బాగుంది గానీ లెక్క అలా లేదు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు మార్క్ బ్రాడీ ప్రొఫెషనల్స్ షాట్లనూ అమెచ్యూర్ల షాట్లనూ కొలిచి చూస్తే, బాగా ఆడేవాళ్లకూ అంతంతమాత్రంగా ఆడేవాళ్లకూ మధ్య తేడాలో దాదాపు మూడింట రెండొంతులు 100 గజాల అవతలి షాట్లలోనే ఉందని తేలింది. చిప్పింగ్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్లు), బంకర్లు (ఇసుక గుంటలు), పట్టింగ్ అన్నీ కలిపి మిగిలిన ఒక వంతు. అలాగని డ్రైవర్‌తో (టీ మీద వాడే పొడవైన క్లబ్‌తో) ఇంకో 20 గజాలు సాధించడానికి ఒళ్లు హూనం చేసుకోమని కాదు. ఆ దూరపు షాట్లలో అమెచ్యూర్ పోగొట్టుకునేది దూరం కాదు, చాలాసార్లు బంతినే.

పార్ 72 (18 హోల్స్‌కు నిర్ణీత స్ట్రోకులు 72) కోర్సులో 95 కొట్టే ఆటగాడి కార్డు ఇలా ఉంటుంది అనుకుందాం: ఐదు పార్లు, ఆరు బోగీలు (పార్ కంటే ఒకటి ఎక్కువ), నాలుగు డబుల్ బోగీలు (రెండు ఎక్కువ), మూడు ట్రిపుల్స్ (మూడు ఎక్కువ). ఆ డబుల్స్, ట్రిపుల్స్ ఏడింటినీ బోగీలుగా మార్చి మళ్లీ కూడండి. 85 వస్తుంది. కొత్తగా ఒక్క పార్ కూడా రాలేదు, బర్డీ (పార్ కంటే ఒకటి తక్కువ) అసలే లేదు, అయినా పది స్ట్రోకులు దిగాయి. మనవాళ్లు సాధన చేసేది మాత్రం బర్డీల కోసం.

దీనికి మూలం స్కోరు కార్డులోనే ఉంది. కార్డు మీద 7 అని వేస్తాం, ఆ 7 ఎలా వచ్చిందో వేయం. ఇంటికి వెళ్లేసరికి గుర్తుండేది చివరి పట్ తప్పడమే కాబట్టి నింద పట్టర్ మీద పడుతుంది. ఐదు రౌండ్ల పాటు డబుల్ గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిన ప్రతి హోల్ పక్కన ఒక అక్షరం రాయండి. బంతి ఓబీకో (కోర్సు హద్దు అవతలికో) నీళ్లలోకో పోయి ఉంటే 'పె' (పెనాల్టీ), చెట్లలోంచో రాళ్లలోంచో సాహసం చేసి ఇంకా ఇరుక్కుపోతే 'సా', గ్రీన్‌కు 30 గజాల లోపు నుంచి గ్రీన్ ఎక్కడానికి రెండు షాట్లు పడితే 'చి', మూడు పట్లు పడితే 'ప'. ఐదు కార్డులు పక్కపక్కన పెట్టి చూస్తే ఏది సాధన చేయాలో ఎవరినీ అడగనక్కర్లేదు. 90 దాటి కొట్టేవాళ్ల కార్డుల్లో 'పె', 'సా' రెండూ కలిపి 'ప'ను మించడమే ఎక్కువ.

హ్యాండిక్యాప్ అంకె (పార్ మీద ఎన్ని స్ట్రోకులు ఎక్కువ ఆడగలరో చెప్పే కొలత) కూడా ఈ విషయంలో కళ్లు కప్పుతుంది. 2020లో మొదలైన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో చివరి 20 రౌండ్లలో మేలైన 8 మాత్రమే లెక్కలోకి వస్తాయి. పైగా ఏ హోల్‌లోనైనా నెట్ డబుల్ బోగీ (పార్ మీద రెండు, ఆ హోల్‌కు హ్యాండిక్యాప్ ఇచ్చే స్ట్రోకులు కలిపి) దాటిన స్ట్రోకులు కోసేస్తారు. హ్యాండిక్యాప్ 18 అయితే సగటున 18 మీద ఆడుతున్నారని కాదు, బాగా ఆడిన రోజున అంత ఆడగలరని. మీ అసలు జబ్బు లెక్కకు రాని ఆ 12 రౌండ్లలో ఉంది. దానికి తోడు మూడడుగుల పట్‌కు "గిమ్మీ" అనేసి బంతి తీసేసుకునే అలవాటు. స్ట్రోక్ ప్లేలో (మొత్తం స్ట్రోకులు లెక్కించే ఆటలో) అది చెల్లదు, మూడడుగుల పట్ నిజంగా వేయాల్సిన రోజున చెయ్యీ రాదు.

ఇక టీ దగ్గరికి. అమెచ్యూర్లలో ఎక్కువమందిది స్లైస్. కుడిచేతి ఆటగాడు బంతి కుడికి తిరుగుతోందని రోజురోజుకూ ఇంకాస్త ఎడమకు గురి పెట్టుకుంటాడు, స్లైస్ ఇంకా పెరుగుతుంది. బంతి బయల్దేరే దిక్కును ముఖ్యంగా నిర్ణయించేది తగిలిన క్షణాన క్లబ్ ముఖం ఎటు ఉందన్నది. గాలిలో వంపు మాత్రం క్లబ్ వచ్చే దారికీ ఆ ముఖానికీ మధ్య ఉన్న కోణాన్ని బట్టి వస్తుంది. భుజాలు ఎడమకు తిప్పి నిలబడితే క్లబ్ దారి ఇంకా ఎడమకు పోతుంది, ముఖం ఎక్కడిదక్కడే తెరిచి ఉంటుంది, కోణం పెరుగుతుంది. మందు వేసేకొద్దీ రోగం ముదరడమంటే ఇదే. ముందు పట్టు సరిచేసుకోవాలి. మీ పాత గ్లవ్‌ను ఒకసారి తిప్పి చూడండి. అరచేతి కింది మడమ దగ్గర తోలు అరిగి చిల్లు పడి ఉంటే, గ్రిప్ వేళ్ల మొదళ్లలో కాకుండా అరచేతిలో కూర్చుంటోందని, స్వింగ్‌లో జారి రుద్దుకుంటోందని అర్థం. గ్రిప్‌ను వేళ్లలోకి దించి, పైనుంచి చూసినప్పుడు ఎడమ చేతి మెటికలు రెండు, రెండున్నర కనిపించేలా పట్టుకుంటే ముఖం మూసుకునే వీలు చిక్కుతుంది. గ్రిప్ రబ్బరు నునుపెక్కినా ఇదే తంటా. మన చెమటకు, ఎండకు వారానికి రెండు రౌండ్లు ఆడేవాళ్లు ఏడాదికోసారైనా మార్చాలి. కొత్త డ్రైవర్ ఖరీదుతో పోలిస్తే అది చిల్లర ఖర్చు.

బంతి పోయిందని అనుమానం వస్తే అక్కడికక్కడే ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే ఆడే తాత్కాలిక బంతి) కొట్టాలి. కొట్టే ముందు "ప్రొవిజనల్" అని నోటితో చెప్పాలి. "ఇంకోటి కొడతా" అంటే చాలదు. అలా అని కొడితే మొదటి బంతి ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కోసిన పచ్చిక దారి) మధ్యలో దొరికినా పనికిరాదు, రెండోదే ఆటలో ఉంటుంది, పెనాల్టీ పడుతుంది. 2019 నుంచి వెతకడానికి ఉన్నది మూడు నిమిషాలే. ప్రొవిజనల్ కొట్టలేదు, క్లబ్‌వారు రెండు స్ట్రోకుల పెనాల్టీతో డ్రాప్‌కు (బంతిని చేతితో జారవిడవడానికి) స్థానిక నిబంధన పెట్టి ఉన్నారు అనుకుంటే, బంతి పోయిన చోటికి సమంగా ఫెయిర్‌వే అంచున డ్రాప్ చేసి నాలుగో షాట్ ఆడొచ్చు. ఆ నిబంధన ఉందో లేదో కార్డు వెనక చూసుకుని టీకి వెళ్లాలి. చాలామంది కార్డు వెనక్కి తిప్పి చూసిన పాపాన పోరు.

చెట్ల సందులోంచి 180 గజాల అవతలి గ్రీన్ కనిపించిందని 4 ఐరన్ (దూరం కొట్టే ఇనుప క్లబ్) తీసేవాడి పని గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం. అడ్డంగా ఫెయిర్‌వేలోకి చిప్ చేస్తే పోయేది ఒక్క స్ట్రోకు. కొమ్మకు తగిలితే రెండు, మూడు. ఎంచుకునే కొలత సులువైనదే: అదే షాట్ పదిసార్లు కొడితే ఎనిమిదిసార్లు బయటపడతానని నమ్మకం ఉంటేనే ముందుకు, లేకపోతే పక్కకు. గోల్కొండ, గచ్చిబౌలి వైపు కోర్సుల్లో ఆడేవాళ్లకు ఇంకో చిక్కు బండరాళ్లు. బండ ప్రకృతి సహజం, మనిషి కట్టింది కాదు, కాబట్టి దాని పక్కన బంతి ఆగితే ఉచిత డ్రాప్ రాదు. ఎత్తి పక్కన పెట్టగల విడి రాయి మాత్రం తీసేయొచ్చు, 2019 తర్వాత బంకర్‌లో కూడా. కాకపోతే తీసేటప్పుడు బంతి కదిలితే ఒక స్ట్రోకు పెనాల్టీ పడి, బంతిని తిరిగి అక్కడే పెట్టాలి. బండకు ఆనుకున్న బంతిని 7 ఐరన్‌తో కొట్టబోయి క్లబ్బూ మణికట్టూ పాడు చేసుకునే బదులు అన్‌ప్లేయబుల్ (ఆడలేని బంతి) అని చెప్పి, ఒక స్ట్రోకు ఇచ్చి, రెండు క్లబ్ పొడవుల లోపల హోల్‌కు దగ్గర కాకుండా డ్రాప్ చేయాలి. కొలవాల్సింది పట్టర్ కాక బ్యాగులో ఉన్న వాటిలో అతి పొడవైన క్లబ్‌తో. అది డ్రైవరే అవుతుంది కాబట్టి రెండు మీటర్ల పైచిలుకు చోటు దొరుకుతుంది. వెడ్జ్‌తో (పొట్టి క్లబ్‌తో) కొలిచి మళ్లీ రాళ్లలోనే డ్రాప్ చేసేవాళ్లూ ఉన్నారు! వానాకాలంలో దీనికి తిరగబడిన తప్పు చేస్తారు. బంతి పడ్డ గుంటలోనే బురదలో కూరుకుంటే, క్లబ్‌వారు వేరే నిబంధన పెట్టకపోతే, రఫ్‌లో (ఫెయిర్‌వే పక్కన పెరిగిన గడ్డిలో) కూడా ఉచిత డ్రాప్ ఉంటుంది. అడగక ఆ గుంటలోంచే తవ్వుకుంటారు.

ఐరన్ల దగ్గర దోషం ఒక్కటే: క్లబ్ ముందు నేలను, తర్వాత బంతిని తాకడం. డ్రైవింగ్ రేంజ్‌లో రబ్బరు చాప మీద ఈ తప్పు బయటపడదు. బంతికి రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ అడుగు చాప మీద జారి బంతికి బాగానే తగులుతుంది, చప్పుడు కూడా ఇంపుగానే ఉంటుంది. అదే స్వింగ్ పచ్చిక మీద మట్టి తవ్వుతుంది, బంతి 40 గజాలు తక్కువ పడుతుంది. చాప మీద వెయ్యి బంతులు కొట్టి "రేంజ్‌లో బాగానే కొడతాను, కోర్సులోకి వస్తే ఏమవుతుందో" అని తల పట్టుకునేది ఇందుకే. విరుగుడుకు గుప్పెడు ముగ్గుపిండి చాలు. సాధనకు అనుమతి ఉన్న పచ్చిక మీద, గురికి అడ్డంగా, రెండడుగుల ముగ్గు గీత వేయండి. బంతి లేకుండా, గీతే బంతి అనుకుని, 8 ఐరన్‌తో నిలబడండి. ముప్పావు స్వింగ్‌తో కోసి, పచ్చిక ఎక్కడ తెగిందో చూడండి. తెగిన మచ్చ గీత మీద గానీ గురి వైపు గానీ మొదలవ్వాలి. గీతకు వెనక మొదలైతే బరువు కుడి కాలి మీదే ఉండిపోయిందన్న మాట. స్వింగ్ ముగిశాక కుడి మడమ పైకి లేచి, నడుము గురి వైపు తిరిగి ఉందో లేదో చూసుకుని మళ్లీ కోయండి. గీత వెంట చోటు మారుస్తూ పది కోతలు. పదిలో ఏడు సరిగా వచ్చాకే గీత మీద బంతి పెట్టాలి.

క్లబ్ ఎంపికలో తప్పు డాబు వల్ల వచ్చేది. ఎప్పుడో ఒకసారి 7 ఐరన్ 160 గజాలు పోయిందని జీవితాంతం 160కి 7 ఐరనే తీస్తారు. పది బంతులు కొట్టి, అవి గాలిలో ఎంత దూరం వెళ్లి పడ్డాయో వరసగా రాసుకోండి. మధ్యలో ఉన్న ఐదో ఆరో అంకె మీ దూరం, పైదాన్ని మరిచిపోండి. గ్రీన్ ముందుకు పడి దొర్లిన దూరాన్ని ఇందులో కలపకూడదు, వానకు తడిసిన నేల మీద అది ఉండదు. 150 గజాల గుర్తు గ్రీన్ ముందు అంచుకా, మధ్యకా అన్నది కోర్సును బట్టి మారుతుంది. స్టార్టర్‌నో (టీ దగ్గర ఆట మొదలుపెట్టించే ఉద్యోగి) కాడీనో (బ్యాగు మోసే సహాయకుడు) అడిగితే చెబుతారు. ఆ తర్వాత జెండా ఎక్కడున్నా గ్రీన్ మధ్యకే కొట్టండి.

గ్రీన్ పక్కన 60 డిగ్రీల వెడ్జ్ తీయడం టీవీ నేర్పిన షోకు. ఏప్రిల్‌లో గట్టిపడ్డ నేల మీద, బౌన్స్ (క్లబ్ అడుగు ఉబ్బు) ఎక్కువున్న వెడ్జ్ అడుగు నేలకు కొట్టుకుని ఎగిరి, క్లబ్ అంచు బంతి మధ్యకు తగులుతుంది, బంతి గ్రీన్ దాటి అవతలి బంకర్‌లో పడుతుంది. పట్టర్‌తో దొర్లించగలిగితే పట్టర్, కాకపోతే 8 ఐరన్‌తో కొద్దిగా లేపి దొర్లించడం. మధ్యలో బంకర్ అడ్డుంటే తప్ప ఎత్తుగా లేపే షాట్ అక్కర్లేదు. బంకర్‌లో మాత్రం ఆ బౌన్సే మేలు చేస్తుంది. ముఖం తెరిచి, బంతికి రెండంగుళాల వెనక ఇసుకలోకి దించి, ఆపకుండా అవతలికి లాగాలి. వాన పడి గట్టిపడ్డ ఇసుకలో ముఖం తెరవడం తగ్గించాలి, లేకపోతే గట్టి నేల మీద జరిగిందే జరుగుతుంది.

పట్టింగ్‌ను తక్కువ చేయడం లేదు. పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ పోటీలు) ఆటగాళ్లే ఎనిమిది అడుగుల నుంచి సుమారు సగం తప్పిస్తారు, కాబట్టి ఎనిమిది అడుగుల పట్ తప్పితే బెంగ పెట్టుకోనక్కర్లేదు. మూడు పట్లు పడేది ముప్పై అడుగుల నుంచి కొట్టిన మొదటి పట్ ఆరడుగులు తక్కువో ఎక్కువో అయినప్పుడు. సాధనంతా ఆ వేగం మీదే ఉండాలి, తప్పినా హోల్ దాటి అడుగున్నరలో ఆగేలా. బెర్ముడా గడ్డి గ్రీన్ అయితే గడ్డి వాలు కూడా చూడాలి. బంతి వెనక నుంచి చూసినప్పుడు గ్రీన్ మెరిస్తే గడ్డి హోల్ వైపు వాలి ఉంది, పట్ వేగంగా పోతుంది. నల్లగా మందంగా కనిపిస్తే ఎదురు, గట్టిగా కొట్టాలి. అనుమానముంటే హోల్ అంచు దగ్గర వంగి చూడండి. ఒక పక్క అంచు కత్తితో కోసినట్టు శుభ్రంగా ఉంటుంది, ఎదురు పక్క గడ్డి చిట్లి, ఎండి, మట్టి కనిపిస్తుంది. గడ్డి వాలేది ఆ చిట్లిన పక్కకే. మధ్యాహ్నం ఆటల్లో ఇది ఇంకా తేటగా కనిపిస్తుంది.

చివరగా ఒక మనవి. క్లబ్ టోర్నమెంట్ల ఫలితాలు వేసేటప్పుడు లాంగెస్ట్ డ్రైవ్ గెలిచినవారి ఫొటో పెద్దదిగా వేస్తున్నారు. విజేత స్కోరు పక్కన, ఆ రౌండ్‌లో డబుల్ బోగీలు ఎన్ని వచ్చాయో కూడా ఒక అంకె వేయించగలరా? నిర్వాహకుల దగ్గర కార్డులు ఉంటాయి, అడిగితే ఇస్తారు.

ఇట్లు,
ఒక గోల్ఫ్ శిక్షకుడు,
హైదరాబాద్