వాడిన ఆర్వీ కొనే ముందు

అందరికీ నమస్కారం. వేసవి సెలవుల కోసం సెకండ్ హ్యాండ్ ఆర్వీ (లోపలే పడుకుని, వండుకునే వీలున్న ఇల్లులాంటి బండి) కొందామని మన డాలస్ గ్రూప్‌లో కొందరు అడుగుతున్నారు. అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇది చదవండి.

ఇంజిన్ కంటే ముందు చూడాల్సింది చెమ్మ. నిచ్చెనెక్కి, పైకప్పు మీద ఏసీ చుట్టూ పూసిన సీలెంట్ పగిలిందేమో చూడండి. లోపల షవర్ దగ్గర, మంచం మూలల్లో నేలని కాలితో గట్టిగా నొక్కండి. మెత్తగా దిగితే కింద చెక్క కుళ్లినట్టే. బయటి గోడ ఉబ్బినా అనుమానించాల్సిందే. అలాంటి బండి ఎంత చవకగా ఇచ్చినా వద్దండి, రిపేరుకి అంతు ఉండదు.

టైర్ ట్రెడ్ (పైనున్న గాడుల పొర) బాగుందని మోసపోవద్దు, టైర్ వయసు కూడా చూడండి. టైర్ పక్క గోడ మీద ఉండే డాట్ కోడ్ చివర 2318 అని ఉంటే 2018లో 23వ వారం తయారైనట్టు. అంత పాతవైతే కొత్త టైర్ల ఖర్చు ధరలో తగ్గించమనండి.

గ్యాస్ ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందు రోజు రాత్రే ఆన్ చేయమని చెప్పండి. జనరేటర్ మీద ఏసీ కాసేపు నడిపించండి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) సాల్వేజ్‌దా, అంటే బాగా దెబ్బతిని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్‌గా తేల్చిన బండా, లోన్ బాకీ ఉందా అన్నది తప్పకుండా చూడండి. విన్ నంబర్‌తో (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబర్) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో రీకాల్స్, అంటే లోపం వల్ల కంపెనీ సరిచేయడానికి వెనక్కి పిలిచిన వివరాలు కూడా తెలుస్తాయి.

ఈ వీకెండ్ ఎవరైనా బండి చూడ్డానికి వెళ్తుంటే చెప్పండి, చెమ్మ కొలిచే మీటర్ నా దగ్గర ఉంది, ఇస్తాను.