ఆన్‌లైన్ వేలం: డబ్బు ఏ దారిన పంపాలో ఎవరు చెబుతారు?

సంపాదకుల వారికి,

ఆన్‌లైన్ వేలంలో వస్తువులు కొని మోసపోయినవారి గురించి కొద్ది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వార్తా, దాని మీద అధికారులు ఇచ్చిన ప్రకటనా చదివాను. ఆ రోజే రాయవలసింది గానీ, మర్నాటి సంచికలోనైనా ఎవరో ఒకరు అసలు విషయం చెబుతారేమోనని ఆగాను. ఎవరూ చెప్పలేదు. బాధితులు ఏమి కొన్నారో రాశారు, ఎంత పోగొట్టుకున్నారో రాశారు, ఎంత కుమిలిపోతున్నారో కూడా రాశారు. డబ్బు ఏ పద్ధతిలో చెల్లించారో మాత్రం ఒక్కరి విషయంలోనూ రాయలేదు. ఇక అధికారుల సలహా అంతా కలిపి ఒకే వాక్యం: కొనుగోలుదారులు అప్రమత్తంగా ఉండాలట. ఇంత అమూల్యమైన సలహా కోసం ఒక శాఖను, దానికొక ప్రచార విభాగాన్ని పోషించవలసి రావడం ప్రజల అదృష్టం.

వేలం సైటులో కొనేవాడికి అమ్మేవాడి ముఖం తెలియదు, వస్తువు చేతికి అందదు. ఫొటో మరెవరిదో కావచ్చు. అమ్మకందారు పేరు పక్కన మెరిసే నక్షత్రాలు ఏళ్ల తరబడి నిజాయితీగా వ్యాపారం చేసిన ఇంకొకరి ఖాతాను దొంగిలించి తెచ్చుకున్నవి కావచ్చు. వీటిలో ఏదీ కొనేవాడి చేతిలో లేదు. అతని చేతిలో ఉన్నది ఒక్కటే, డబ్బు ఏ దారిన పంపాలన్న నిర్ణయం. తేడా వస్తే ఆ డబ్బును వెనక్కి రప్పించగల మూడో మనిషి మధ్యలో ఉన్నాడా లేడా అన్నదే అక్కడ అడగవలసిన ప్రశ్న. మీ వార్తలోనూ, వారి ప్రకటనలోనూ ఆ ప్రశ్న జాడ కూడా లేదు.

నగదు కవరులో పెట్టి పంపినా, మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటరులో కట్టినా, క్రిప్టో కరెన్సీ బదిలీ చేసినా మధ్యలో అలాంటి మనిషి ఎవరూ ఉండరు. కౌంటరులో కట్టిన సొమ్మును అవతలివాడు నిమిషాల్లో నగదుగా తీసుకుని వెళ్లిపోగలడు, ఆ తరువాత రసీదు చూసుకుని బాధపడటం తప్ప చేయగలిగింది లేదు. మోసగాళ్లకు ఈ దారి ఎంత అనుకూలమో 2017లో అమెరికా ప్రభుత్వం వెస్ట్రన్ యూనియన్ అనే మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థతో చేసుకున్న ఒప్పందమే చెబుతుంది: తన వ్యవస్థ ద్వారా సాగిన మోసాలకు తోడ్పడినట్లు ఒప్పుకుని ఆ సంస్థ 58.6 కోట్ల డాలర్లు వదులుకోవలసి వచ్చింది. గిఫ్టు కార్డు కొని దాని వెనక గీకి, ఆ అంకెలు ఫోనులో చదవమనే అమ్మకందారులు ఇంకో రకం. గిఫ్టు కార్డు కానుక ఇవ్వడానికే గాని వేలంలో కొన్న వస్తువుకు డబ్బు కట్టడానికి కాదు. అలా అడిగినవాడు మోసగాడేనని అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎప్పటి నుంచో మొత్తుకుంటోంది. బ్యాంకు ఖాతా నుంచి ఖాతాకు నేరుగా పంపే డబ్బూ కొంచెం అటూ ఇటూగా ఇదే కోవలోకి వస్తుంది, ఎందుకంటే ఆ బదిలీకి ఆదేశమిచ్చింది ఖాతాదారే కదా అని బ్యాంకు చేతులు దులుపుకుంటుంది.

క్రెడిట్ కార్డు సంగతి వేరు. అక్కడ ముందుగా కదిలేది కార్డు ఇచ్చిన బ్యాంకు డబ్బు, కాబట్టి వస్తువు రాలేదని ఫిర్యాదు చేస్తే దాన్ని తేల్చవలసిన బాధ్యత బ్యాంకు మీద పడుతుంది. అమెరికాలో 1974 నాటి చట్టం ప్రకారం బిల్లు పంపిన 60 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపితే, విచారణ ముగిసేదాకా వివాదంలో ఉన్న సొమ్ము కట్టకుండా ఆపుకోవచ్చు. బ్రిటన్‌లో అదే ఏడాది వచ్చిన వినియోగదారుల రుణ చట్టం 75వ సెక్షన్, వస్తువు ధర 100 పౌండ్లకు పైన, 30,000 పౌండ్ల లోపు ఉంటే అమ్మినవాడితో సమానంగా కార్డు కంపెనీని కూడా బాధ్యురాలిని చేసింది. డెబిట్ కార్డుకూ చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించుకునే పద్ధతి, ఉంది గానీ, అది ఎక్కువగా కార్డు సంస్థల నిబంధనల మీద నడుస్తుంది, పైగా అప్పటికే ఖాళీ అయింది మన ఖాతా. రెండు కార్డులూ చూడటానికి ఒకేలా ఉన్నా ఆపద వచ్చినప్పుడు ఒకేలా పనిచేయవన్న ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే ఆ ప్రకటనకు కొంత సార్థకత దక్కేది.

పేపాల్ వంటి మధ్యవర్తి సేవలు వాడేవారు కూడా తాము సురక్షితమనే అనుకుంటారు. అందులో డబ్బు పంపేటప్పుడు రెండు దారులు కనిపిస్తాయి: ఒకటి వస్తువులకు, సేవలకు, రెండోది స్నేహితులకు, కుటుంబసభ్యులకు. మోసగాడు ఎంతో మర్యాదగా రెండోది నొక్కమంటాడు. రుసుము మిగులుతుందనీ, ఆ మేరకు ధర తగ్గిస్తాననీ ఆశ పెడతాడు. నొక్కిన మరుక్షణం కొనుగోలుదారు రక్షణ పోతుంది, ముక్కూ మొహం తెలియనివాడు కాగితం మీద మన స్నేహితుడైపోతాడు. మొదటి దారిన పంపినవాడు చెల్లించిన రోజు నుంచి 180 రోజుల్లోగా వివాదం తెరవవచ్చు, కానీ తెరిచిన 20 రోజుల్లోగా దాన్ని క్లెయిముగా మార్చకపోతే, అంటే పేపాల్‌నే తేల్చమని కోరకపోతే, అది దానంతటదే మూతపడుతుంది. ఈ గడువులన్నీ కొనేవాడి కంటే మోసగాడికే బాగా తెలుసు. పార్సిల్ కస్టమ్స్‌లో ఉందంటాడు, ఇంట్లో అనారోగ్యం అంటాడు, చివరికి వివాదం మూసేస్తే వెంటనే డబ్బు వాపసు చేస్తానని బతిమాలుతాడు. మూసిన వివాదాన్ని మళ్లీ తెరవనివ్వరు. వాపసు ముందు, మూత తరువాత అన్న ఈ చిన్న వరుస తెలియక ఎందరు నష్టపోతున్నారో ఆ శాఖవారు ఎన్నడైనా లెక్క తీశారా?

ఖరీదైన వస్తువుల విషయంలో ఎస్క్రో మంచి పద్ధతి. డబ్బు మధ్యవర్తి దగ్గర ఉంటుంది, వస్తువు చేరి, చూసుకుని, సరేనన్నాకే అమ్మినవాడికి వెళుతుంది. మోసగాళ్లు దీన్నీ వదలలేదు. అసలు సంస్థ పేరులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి, అదే రంగులు, అదే ముద్ర పెట్టి నకిలీ సైటు నడుపుతారు. ఫలానా ఎస్క్రోలోనే కట్టాలని అమ్మకందారే పట్టుబట్టి లింకు పంపాడంటే అక్కడితో బేరం మానుకోవడం మేలు. సంస్థను కొనేవాడే ఎంచుకోవాలి, చిరునామా తన చేత్తోనే టైపు చేసుకోవాలి. వేలంలో పాడి ఓడిపోయినవారికి వచ్చే ఉత్తరాలదీ ఇదే తీరు. గెలిచినవాడు తప్పుకున్నాడు, మీరు పాడిన ధరకే ఇస్తాం, కాకపోతే సైటు బయట చెల్లించండి అని ఉంటుంది. నిజమైన రెండో అవకాశం సైటులోని మన సందేశాల పేజీలో కూడా కనిపిస్తుంది, చెల్లింపూ అక్కడే జరుగుతుంది. సైటు బయట అడుగు పెడితే సైటు ఇచ్చే హామీ ఏదీ మన వెంట రాదు.

ఇవేమీ కొత్తగా కనిపెట్టిన రహస్యాలు కావు. 1995లో ఈబే అనే వేలం సైటు మొదలైన తొలినాళ్లలో కొనేవారు చెక్కులూ మనీ ఆర్డర్లూ పోస్టులో పంపి వస్తువు కోసం ఎదురుచూసేవారు. 2008లో అదే సంస్థ అమెరికాలో చాలా విభాగాలలో ఆ కాగితపు చెల్లింపులను ఆపేసింది. వేలం వ్యాపారం చేసేవారికి అప్పుడే అర్థమైన సంగతి మన పర్యవేక్షణ అధికారులకు ఇంకా అందలేదు. పోనీ మోసం జరిగాకైనా ఆదుకుంటారా అంటే, బ్యాంకు పోలీసుల దగ్గరకు వెళ్లమంటుంది, పోలీసులు బ్యాంకును అడగమంటారు, ఇద్దరూ కలిసి సైటుకు రాయమంటారు, సైటు నుంచి యంత్రం రాసిన జవాబు వస్తుంది. ఈలోగా ఫిర్యాదు గడువు కాస్తా దాటిపోతుంది. దొంగలు పడిన ఆరు నెలలకు మొరిగే ఈ తీరుకు మనం అలవాటుపడిపోయాం గానీ, వేరే దారి లేకపోలేదు. బ్రిటన్‌లో 2024 అక్టోబరు 7 నుంచి, అక్కడి ఖాతాల మధ్య జరిగే బదిలీలలో మోసపోయినవారికి కొన్ని మినహాయింపులతో 85,000 పౌండ్ల వరకు బ్యాంకులే చెల్లించాలి. ఆ భారాన్ని పంపిన బ్యాంకూ, అందుకున్న బ్యాంకూ చెరిసగం మోయాలి. మోసగాడికి ఖాతా తెరిచి ఇచ్చిన బ్యాంకుకు కూడా చురక తగిలే ఏర్పాటు అది. మన అధికారులు మాత్రం తాళం కప్ప బొమ్మ వేసిన పోస్టర్లతో సరిపెడుతున్నారు.

మీ పత్రిక మీద కూడా నాకొక ఫిర్యాదు ఉంది. ఆ వార్త వేసిన పేజీ అడుగునే, క్షణాల్లో ఎక్కడికైనా డబ్బు పంపండి అనే ప్రకటన సగం పేజీ ఆక్రమించింది. ప్రకటనలు వద్దనడం లేదు, పత్రిక నడవాలి కదా. ఆ స్థలంలో నాలుగో వంతు పాఠకులకు కేటాయించి, పైన చెప్పిన గడువులనూ, ఏ చెల్లింపుకు ఎలాంటి రక్షణ ఉందో, ఏ చెల్లింపుకు ఏమీ లేదో ఆ వివరాన్నీ ప్రతి నెలా అచ్చు వేయగలరా? అలాగే, మీ విలేకరి ఈసారి ఆ అధికారులను కలిసినప్పుడు, అందిన ఫిర్యాదులను చెల్లింపు పద్ధతి వారీగా విడదీసి ఎందుకు ప్రకటించడం లేదో అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్లు వేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు