లైసెన్స్ ఫైలు ఖాళీగా వదలొద్దు

సంపాదకులకు,

కాకినాడలో ఒక పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మొన్న ఫైనలియర్ ప్రాజెక్టులు చూస్తుంటే, కుంభాభిషేకం రేవులో చేపల వేలం లెక్కల కోసం ముగ్గురు అమ్మాయిలు రాసిన ప్రోగ్రాం ఎంతో నచ్చింది. ఎవరైనా వాడుకోవచ్చని నెట్‌లో పెట్టేశారు కూడా. అందులో లైసెన్స్ అనే ఫైలుంది, ఆ కోడ్‌ను ఎవరెలా వాడుకోవచ్చో రాసి పెట్టేది. తెరిచాను. సున్నా బైట్లు. ఒక్క అక్షరం లేదు.

"పేరుంటే చాలనుకున్నాం సార్" అన్నారు.

చాలదు. లైసెన్స్ లేకపోతే కాపీరైట్ చట్టం ప్రకారం ఆ కోడ్‌ను ఇంకెవరూ మార్చి పంచడానికి వీల్లేదు. అందుకే జీపీఎల్ అనే లైసెన్స్ (ప్రోగ్రాంను ఎవరైనా వాడి, మార్చి, పంచుకోవచ్చనేది) మూడో వెర్షన్ ముందేసుకుని కూర్చున్నాం. 2007 జూన్‌లో వచ్చింది. మార్చి పంచేవాళ్లు సోర్స్ కోడ్‌ను, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్‌ను కూడా అదే షరతు మీద ఇవ్వాలన్నది చాలామందికి తెలుసు. పదకొండో సెక్షన్ దాకా చదివేవాళ్లే తక్కువ. కోడ్ కలిపినవాళ్లు, దానికి అవసరమైన తమ పేటెంట్లు వాడుకునే హక్కు కూడా అందరికీ ఇచ్చినట్టే అంటుందది. ఆ ప్రోగ్రాం వాడేవాళ్ల మీద పేటెంట్ కేసు వేయకూడదని పదో సెక్షన్ చెబుతుంది.

"మన దేశంలో సాఫ్ట్‌వేర్‌కి పేటెంట్ ఇవ్వరు కదా సార్?" అని ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. మన పేటెంట్ చట్టం 3(కె) వట్టి కంప్యూటర్ ప్రోగ్రాంకు పేటెంట్ కుదరదంటుంది. కానీ నెట్‌లో పెట్టింది అమెరికాలోనూ దిగుతుంది, అక్కడ సాఫ్ట్‌వేర్ పేటెంట్లున్నాయి.

కోడ్‌తో సంబంధం లేని బయటివాళ్లు పేటెంట్ కేసు వేస్తే మాత్రం దాన్ని ఆపడం జీపీఎల్ వల్ల కాదు. మా ల్యాబులో ఫొటోలు చూసే షాట్‌వెల్ అనే ప్రోగ్రాం మీద 2019లో అమెరికాలో అదే జరిగింది. రోత్‌షీల్డ్ పేటెంట్ ఇమేజింగ్ అనే కంపెనీ, షాట్‌వెల్ వెనకున్న గ్నోమ్ ఫౌండేషన్ అనే సంస్థను కోర్టుకీడ్చింది. డబ్బు కట్టి వదిలించుకోకుండా ఫౌండేషన్ నిలబడింది, వేలమంది చందాలిచ్చారు. 2020 మేలో రాజీ కుదిరింది. ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ అనే సంస్థ ఆమోదించిన (జీపీఎల్ లాంటి) లైసెన్సుల కింద వచ్చిన ఏ సాఫ్ట్‌వేర్ మీదా తమ పేటెంట్లతో కేసు వేయబోమని అవతలివాళ్లు ఒప్పుకున్నారు. ఖాళీ ఫైలుకి ఆ రక్షణ కూడా దక్కదు!

ఇది వినగానే ఆ పిల్లలు అక్కడే కూర్చుని జీపీఎల్ మూలపాఠం మొత్తం ఆ ఫైల్లోకి ఎక్కించారు. సాంకేతిక విద్యా మండలి వారికి నా విన్నపం ఒక్కటే: ప్రాజెక్టు మార్కుల్లో లైసెన్స్‌కి రెండు మార్కులు పెట్టండి. మార్కులుంటే పిల్లలు తప్పకుండా చదువుతారు.

— ఒక పాలిటెక్నిక్ లెక్చరర్, కాకినాడ